గ్రావెల్ కన్నా ముందు నీటికి దారి



ఈరోజు నేను మాట్లాడబోయేది హైవేల గురించి కాదు. చీరాల మీదుగా పోయే 216వ నంబరు జాతీయ రహదారికి ఇంజనీర్లున్నారు, నిధులున్నాయి. ఊరికీ ఊరికీ మధ్య రోడ్లకు 2000 డిసెంబరు 25న మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన వచ్చింది. ఆ పథకంలో రోడ్డు వేసిన కాంట్రాక్టరే అయిదేళ్లపాటు దాని బాగోగులు చూడాలన్న షరతు కూడా పెట్టారు. ఎవరి లెక్కలోకీ సరిగ్గా రానిది మరొకటి ఉంది. ఊరి చివర తారు ఆగిపోయిన చోట మొదలై పొలాల్లోకి పోయే డొంక. పత్తి బోరేలు, మిరప బస్తాలు, ఎరువులు, కూలీల ఆటోలు అన్నీ తిరిగేది దానిమీదే. ఆ డొంకకు గ్రావెల్ ఎలా వేయాలి, వేసినదాన్ని ఎలా నిలబెట్టుకోవాలి అన్నదే ఈనాటి నా ప్రసంగం.

ముందు మన చీరాల చుట్టుపక్కల నేల సంగతి చూద్దాం. వాడరేవు వైపు అంతా ఇసుక. జీడిమామిడి, సరుగుడు, వేరుశనగ. అక్కడినుంచి లోపలికి వస్తే కొమ్మమూరు కాలువ కింద వరి మాగాణి. కారంచేడు దాటి పర్చూరు, ఇంకొల్లు వైపు పోతే కనుచూపు మేర నల్లరేగడి. పత్తి, మిరప, శనగ, పొగాకు పండే నేల అదే. ఇంకా పడమరకు మార్టూరు, బల్లికురవ చేరేసరికి కొండలు, గ్రానైట్ క్వారీలు, ఎర్రనేలలు. యాభై కిలోమీటర్లు తిరగకుండానే ఇన్ని నేలలు. ఒక్కో నేలమీద బండి దిగబడే కాలం ఒక్కోటి. ఇసుక దారి ఎండాకాలంలో చక్రాన్ని మింగేస్తుంది, వాన పడితే గట్టిపడుతుంది. రేగడి దారి ఎండాకాలంలో సిమెంటుకు తీసిపోదు, నాలుగు చినుకులు పడితే మనిషి కాలు కూడా ఊడిరాదు. 1830లో కాశీయాత్రకు బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య మజిలీ మజిలీకీ దారి రేగడ నేలలో ఉందా, ఇసుకలో ఉందా, రాతినేలలో ఉందా అని రాసిపెట్టుకున్నాడు. ప్రయాణం చేసేవాడికి అన్నిటికన్నా ముందు తెలియాల్సింది అదే గనుక. మన అంచనాల కాగితాల్లో మాత్రం ఊరేదైనా ఒకటే వాక్యం కనిపిస్తుంది: ఇన్ని క్యూబిక్ మీటర్ల గ్రావెల్ పోసి చదును చేయుట.

ఆ ఒక్క వాక్యంతోనే డబ్బు మట్టిపాలవుతోంది.

నల్లరేగడిలో ఉండే బంకమట్టి నీళ్లు తాగితే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుపోతుంది. రోహిణి కార్తెలో చేలల్లో చెయ్యి దూరేంత నెర్రెలు విచ్చుతాయి కదా, అదే మట్టి స్వాతి, విశాఖ కార్తెల వానల్లో పొంగి మెత్తబడుతుంది. రోడ్డు ఇంజనీర్లు నేల బలం కొలిచే పరీక్ష ఒకటుంది. మట్టిని గట్టిగా దిమ్మిసకొట్టి, నాలుగు రోజులు నీళ్లలో నానబెట్టి, ఆపైన ఒక కడ్డీని గుచ్చి ఎంత బలం పడుతుందో చూస్తారు. మంచి గులకరాతి నేలకు పాతిక, ముప్పై శాతం, అంతకన్నా ఎక్కువే వస్తుంది. నానిన నల్లరేగడికి చాలాచోట్ల రెండో మూడో శాతం వస్తుంది. అదే మట్టిని నానకుండా ఉంచితే దాని బలం ఎన్నో రెట్లు. అంటే మన చేతిలో ఉన్న మొదటి పని మట్టిని మార్చడం కాదు, దాన్ని పొడిగా ఉంచడం.

ఈ సంగతి కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. రెండువందల ఏళ్ల కిందట బ్రిటన్‌లో జాన్ మెకాడమ్ అనే ఆయన చెప్పిందీ ఇదే. ఆయన పేరు చెప్పగానే అందరికీ కంకర గుర్తొస్తుంది. కానీ ఆయన అసలు వాదం వేరు: బరువు మోసేది కింద ఉన్న సొంత నేలే, పైన పరిచే రాళ్లు ఆ నేలను తడవకుండా కాపాడే కప్పు మాత్రమే. అందుకే రోడ్డును చుట్టుపక్కల నేల కన్నా ఎత్తుగా కట్టమన్నాడు, నీటిని పక్కకు పంపమన్నాడు.

ఇప్పుడు మన డొంకలు చూడండి. చాలా డొంకలు చేలకన్నా పల్లంగా ఉంటాయి. తరతరాలుగా ఎడ్లబండ్ల చక్రాలు కోసి, మట్టి దుమ్మై లేచిపోయి, వానకు కొట్టుకుపోయి, దారి లోతుకు దిగిపోయింది. ఇటు రైతులు చేలు చదును చేసి గట్లు ఎత్తు చేసుకున్నారు. అందుచేత వాన కురిస్తే రెండువైపుల చేలనుంచీ నీళ్లు దిగేది డొంకలోకే. దారీ అదే, మురుగుకాలువా అదే. అలాంటి డొంకలో ఒక అడుగు గ్రావెల్ పోస్తే ఏమవుతుంది? కాలువ అడుగున గ్రావెల్ పోసినట్టు అవుతుంది.

తుఫాను వెళ్లాక జనం పంచాయతీ దగ్గర గుమిగూడి, పోసిన గ్రావెల్ ఏమైంది, కాంట్రాక్టరు తినేశాడని గోల చేయడం నేను చాలాసార్లు చూశాను. కొన్నిచోట్ల అది నిజమే కావచ్చు. కానీ ఒక్కసారి గడ్డపలుగు తీసుకుని మూరెడు లోతు గుంట తవ్వి చూడండి. గ్రావెల్ అక్కడే దొరుకుతుంది, నల్లబురదలో కలిసిపోయి. నానిన బంకమట్టి మీద లోడు ట్రాక్టరు పోతుంటే రాళ్లు కిందికి దిగబడతాయి, బురద సందుల్లోంచి పైకి తన్నుకొస్తుంది. ఒక్కో చక్రానికి కొంచెం కొంచెంగా రోడ్డు నేలలోకి ఇంకిపోతుంది. మళ్లీ ఏడాది ఇంకో నూరు ట్రక్కులు పోస్తారు. అదీ పోతుంది. మన డొంకల కింద ఇలా పొరలు పొరలుగా ఎంత గ్రావెల్ సమాధి అయి ఉందో!

కాబట్టి వరస మార్చాలి. మొదట నీటికి దారి, ఆ తర్వాత ఎత్తు, ఆ తర్వాతే గ్రావెల్.

నీటికి దారి అంటే రెండువైపులా పక్కకాలువలు తవ్వడం ఒక్కటే కాదు. ఆ కాలువ ఎక్కడికి పోయి కలుస్తుందో ముందు తేల్చుకోవాలి. కలిసే చోటు లేని పక్కకాలువ పొడుగాటి నీళ్లగుంట అవుతుంది, రోడ్డును రెండువైపులనుంచీ నానబెడుతుంది. వాగు ఎక్కడుంది, డ్రెయిను ఎక్కడుంది, నేల ఎటు వాలుంది చూసుకోవాలి. ఇక్కడే అసలు చిక్కంతా. నీళ్లు వదలాల్సిన పల్లపు పొలం ఒక రైతుది. తన చేలోకి ఊరి నీళ్లన్నీ తోలడానికి ఆయన ఎందుకు ఒప్పుకుంటాడు? ఒప్పుకోకపోవడంలో తప్పేమీ లేదు. ఆయనతో కూర్చుని, ఆయన గట్టువెంబడే డ్రెయిను దాకా బోదె తవ్వి, కావలసిన చోట తూము పెట్టి, అప్పుడు రోడ్డు పని మొదలుపెట్టాలి. ఈ మాట ముందే తేలని చోట గ్రావెల్ తోలొద్దనే నేనంటాను. డబ్బు వెనక్కి పోతే పోనివ్వండి, నేలలో పూడ్చిపెట్టడం కన్నా అదే మేలు.

ఇంకో అడ్డంకి డొంక వెడల్పు. రెవెన్యూ రికార్డులో, సర్వే కొలతల పటమైన ఎఫ్ఎంబీలో ఉన్న వెడల్పు వేరు, కళ్లెదుట ఉన్న వెడల్పు వేరు. ఏటా ఒక చాలు లోపలికి దున్నడం, గట్టు జరపడం, ఆ గట్టుమీద చిల్లకంప పెరగడం. చివరికి ఒక ట్రాక్టరు పట్టేంత దారి మిగులుతుంది. అప్పుడు మొట్టమొదట మాయమయ్యేది పక్కకాలువ. దారి మిగిలింది కదా అని అందరూ ఊరుకుంటారు. కానీ కాలువ పోయిన రోజే ఆ దారికి ఆయువు తీరింది. సర్వేయరును పిలిపించి, రెండువైపుల రైతులను నిలబెట్టి, రాళ్లు పాతించకుండా డొంకకు అంచనా వేయడం అంటే పునాది లేకుండా గోడ లేపడమే. గొడవలవుతాయని సర్పంచులు వెనకాడతారు. నిజమే, అవుతాయి. ఎవరో ఒకరు మొదట తన గట్టు వెనక్కి జరిపితే తక్కినవాళ్లు జరుపుతారు. ఆ మొదటివాడు ఊళ్లో పలుకుబడి ఉన్నవాడైతే పని త్వరగా తెములుతుంది.

ఇక ఎత్తు. పక్కకాలువలు తవ్విన మట్టినే దారిమీద పోసి ఎత్తు చేయవచ్చు. వర్షాకాలంలో చేలల్లో నీళ్లు నిలిచే ఎత్తుకన్నా దారి కనీసం రెండడుగులైనా పైన ఉండాలి. కొమ్మమూరు ఆయకట్టులో వరి చేల మధ్య పోయే దారులకు ఇది మరీ ముఖ్యం, అక్కడ నెలల తరబడి నీళ్లు నిలిచే ఉంటాయి గనుక. పోసిన మట్టిని ఒకేసారి కుప్పగా పోసి వదిలేయకూడదు. పొరలు పొరలుగా వేసి, సరిపడా తడిపి, ఒక్కో పొరనూ రోలరుతో తొక్కించాలి. పొడిమట్టిని ఎంత తొక్కినా లోపల గాలి మిగిలిపోతుంది. తొలి వానకు అదంతా కుంగుతుంది.

నల్లరేగడికీ గ్రావెల్‌కూ మధ్య ఇసుక పొర ఒకటి వేస్తే బురద పైకి రాదు. మన ప్రాంతానికి దేవుడిచ్చిన సౌకర్యం ఇది. ఇసుక నేల, రేగడి నేల ఇంత దగ్గర దగ్గరగా ఉన్న తాలూకాలు ఎన్ని ఉంటాయి? అనుమతి ఉన్న రీచ్ నుంచి, ఉప్పులేని ఇసుకే తేవాలి. సముద్రం ఒడ్డున తవ్వుకురావడం నేరం, తీరానికి చేటు కూడా. ఆ ఇసుక పొర రోడ్డు అడుగున నడిమధ్యలోనే ఆగిపోకూడదు, అంచుదాకా వచ్చి పక్కకాలువలోకి తెరుచుకోవాలి. లేకపోతే లోపలికి దిగిన నీరు బయటికి పోయే తోవ లేక ఆ ఇసుకలోనే నిలిచి కింది మట్టిని నానబెడుతుంది. ఇసుక దొరకని చోట రేగడిలో సున్నం కలిపి తొక్కిస్తారు. వందపాళ్ల మట్టికి మూడు నుంచి అయిదు పాళ్ల సున్నం. బంకమట్టి ఉబ్బే గుణం దానితో బాగా తగ్గుతుంది. ఇసుక దారుల్లో పని దీనికి తలకిందులు. అక్కడ కావలసింది కాస్త బంక ఉన్న ఎర్రమట్టి, ఇసుకను పట్టి ఉంచడానికి.

ఇప్పుడు గ్రావెల్ దగ్గరికి వద్దాం. ఎర్రగా ఉన్నదల్లా గ్రావెల్ కాదు. ఇంటి పునాదిలో నింపడానికి బాగున్న మట్టి రోడ్డుకు పనికిరాకపోవచ్చు. రోడ్డు పైపొరకు మూడు కావాలి: బరువు మోయడానికి రాళ్లు, సందులు నింపడానికి ఇసుక, రెంటినీ కలిపి పట్టడానికి కొంచెం బంకమట్టి. బంక తక్కువైతే రాళ్లు ఊడి అంచులకు దొర్లిపోతాయి, దారిమీద అడ్డంగా గతుకుల వరసలు లేస్తాయి. ఎక్కువైతే వానకు జారుడు. క్వారీలో ట్రక్కు నింపకముందే ఒక పని చేయండి. తెల్లని గాజుసీసాలో సగం దాకా ఆ మట్టి పోసి, నీళ్లు నింపి, బాగా గిలకొట్టి, ఒక రాత్రి కదపకుండా పెట్టండి. తెల్లారేసరికి అడుగున రాళ్లు, వాటిమీద ఇసుక, పైన మెత్తటి మట్టి పొరలుగా తేరతాయి. ఆ మెత్తటి పొరే సగం ఉంటే ఆ లోడు వద్దనండి. ఇది ప్రయోగశాల పరీక్షకు బదులు కాదు. కానీ మరీ పనికిరాని లోడును వెనక్కి పంపడానికి చాలు.

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ అనే సంస్థ 1934 నుంచీ మన దేశంలో రోడ్లకు ప్రమాణాలు రాస్తోంది. అది 2008లో ఒక్క గ్రావెల్ రోడ్ల కోసమే వేరుగా ఒక మాన్యువల్ వేసింది, 77వ నంబరు ప్రత్యేక ప్రచురణ. అంటే గ్రావెల్ రోడ్డు వేయడం కూలీ పని కాదు, శాస్త్రం ఉన్న పని అని ఒప్పుకున్నట్టే. అందులో చెప్పిన దాంట్లో రైతు తన కళ్లతో చూసుకోగలిగినది ఒకటుంది, అది వాటం. గ్రావెల్ రోడ్డు నడుమ ఎత్తుగా ఉండి, పెంకుటింటి కప్పులా రెండువైపులా సూటిగా వాలాలి. ఏడాదికి వేయి మిల్లీమీటర్ల లోపు వాన పడే మనలాంటి చోట్ల ఆ వాలు మూడున్నర శాతం, అంతకన్నా ఎక్కువ పడే చోట్ల నాలుగు శాతం అని గ్రామీణ రోడ్ల ప్రమాణం. మనకు వానంతా తుఫానుల్లో ఒక్క పెట్టున పడుతుంది కాబట్టి నాలుగు శాతమే పెట్టుకోమని నా సలహా. శాతాలు వద్దనుకుంటే ఇలా లెక్క చూసుకోండి. మూడు మీటర్ల వెడల్పు దారికి అంచుకన్నా నడిమి ఆరు సెంటీమీటర్లు ఎత్తుండాలి. తాపీమేస్త్రీ దగ్గర నీళ్ల గొట్టం ఉంటుంది, దానితో రెండు నిమిషాల్లో తేలిపోతుంది. రోలరు వెళ్లిపోకముందే, బిల్లు కాకముందే కొలవండి. అంతకు మించి వాలు పెట్టినా చేటే. పత్తి బోరేలు ఎత్తుగా కట్టిన ట్రాక్టరు పక్కకు ఒరుగుతుందని డ్రైవర్లంతా నడిమధ్యనే తోలుతారు. అక్కడ రెండు గాళ్లు పడతాయి, నీళ్లు ఆ గాళ్లలోనే నిలుస్తాయి.

తూముల మాట కూడా చెప్పాలి. సన్నగొట్టం వేసి డబ్బు మిగిలిందనుకోవద్దు. రెండేళ్లకు పూడిపోతుంది, లోపలికి చెయ్యి పట్టదు. పార పట్టించి పూడిక తీయగలిగినంత వెడల్పున్న పైపే వేయండి. పైన కనీసం రెండడుగుల మట్టి కప్పు ఉండాలి, లేకపోతే తొలి లోడుకే పగులుతుంది.

ఈ బాధలన్నీ ఎందుకు, సిమెంటు రోడ్డు వేస్తే పోలేదా అని అడుగుతారు. ఊళ్లో ఇళ్ల మధ్య వేసుకోండి, మంచిదే. కానీ ఉబ్బి ముడుచుకునే రేగడి మీద, కింద సరైన పొరలు లేకుండా పలచటి సిమెంటు పలక వేస్తే అది విరుగుతుంది. విరిగితే బాగుచేయడం ఊరివాళ్ల వల్ల కాదు. గ్రావెల్ రోడ్డు చెడిపోతే ఊళ్లో ఉన్న బ్లేడు ట్రాక్టరుతోనే సరిచేసుకోవచ్చు. పొలాల దారికి గ్రావెల్ పేదవాళ్ల సర్దుబాటు కాదు, సరైన ఎంపిక. అమెరికాలో సౌత్ డకోటా లాంటి సంపన్న వ్యవసాయ రాష్ట్రం ఇప్పటికీ పొలాల దారులకు గ్రావెల్‌నే నమ్ముకుంది. అక్కడి రోడ్డు శిక్షణ కేంద్రం 2000లో తయారుచేసిన మాన్యువల్‌ను ఆ దేశమంతా వాడుతున్నారు. అది మొదలయ్యేది గ్రేడరు బ్లేడును ఎలా నడపాలి, రోడ్డు ఆకారం ఎలా నిలపాలి అన్న దానితోనే. కొత్త రోడ్డు వేయడం కన్నా ఉన్నదాన్ని నిలబెట్టడమే వాళ్లకు పెద్ద పని.

మనకు ఆ అలవాటే పోయింది. ఒకప్పుడు ఊళ్లలో ఎకరానికి ఇంతని చందా వేసుకుని డొంక బాగుచేసుకునేవాళ్లు. ఇప్పటికీ కొన్ని ఊళ్లలో చేస్తున్నారు. వాళ్లకు నా నమస్కారం. 2006 ఫిబ్రవరి 2న మన రాష్ట్రంలోనే, అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైన ఉపాధి హామీ పథకం వచ్చాక గ్రామాల దారులకు కూలీ డబ్బు దొరికింది. ఆ పథకంలో ఖర్చులో కనీసం 60 శాతం కూలికే పోవాలన్న నియమం ఉండేది. గ్రావెల్ తోలడానికి ఆ నియమం అడ్డమని విసుక్కున్నవాళ్లను చూశాను. పక్కకాలువలు తవ్వడం, పూడిక తీయడం, చిల్లకంప కొట్టడం, గట్లు చెక్కడం అన్నీ చేతిపనులే. డొంకకు అసలు కావలసినవి అవే.

నిర్వహణ అంటే ఏడాది పొడవునా చేసే పని కాదు, అదనులో చేసే పని. మృగశిర కార్తె రాకముందే కాలువల్లో, తూముల్లో పూడిక తీసేయాలి. తొలి వానలు పడి నేల పదునైనప్పుడు బ్లేడు వేయాలి, అంచులకు జారిన గ్రావెల్‌ను నడిమికి లాగాలి. ఎండిపోయిన రోడ్డుమీద బ్లేడు వేస్తే అతుక్కోదు, దుమ్మై లేస్తుంది. ఆ దుమ్మంతా పక్కన కల్లంలో ఆరబోసిన మిరపకాయల మీదే పడుతుంది. బ్లేడు వేశాక అంచున సన్నటి మట్టికట్ట మిగలకుండా చూసుకోండి. ఆ కట్టే వాననీటిని రోడ్డుమీద నిలిపేస్తుంది, వేసిన వాటమంతా వృథా అవుతుంది. గుంట పడితే ఇటుకముక్కలు, రాళ్లు తెచ్చి పడేయకండి. గుంట అంచులు నిలువుగా చెక్కి, లోపలి బురద తోడేసి, తడిపిన గ్రావెల్ పొరలుగా వేసి దిమ్మిసతో కొట్టండి. చిల్లచెట్ల నీడ పడే చోట దారి ఆరదు, కొమ్మలు కొట్టండి. తుఫాను తీసిన మర్నాటి నుంచి లోడు ట్రాక్టర్లను మూడు నాలుగు రోజులు ఆపండి. 2010 మేలో లైలా, 2023 డిసెంబరు 5న మిచౌంగ్, రెండూ బాపట్ల దగ్గరే తీరం దాటాయి. అలాంటి వానల తర్వాత తడిసిన పత్తి అమ్ముకోవాలని అందరికీ తొందర ఉంటుంది, నేను కాదనను. అయినా నానిన రోడ్డుమీద ఆ నాలుగు రోజులు చేసే నష్టం ఏడాదంతా తిరిగినా జరగదు. దమ్ము చక్రాలతో ట్రాక్టరును రోడ్డెక్కించడం మాత్రం ఏ కాలంలోనూ ఒప్పుకోవద్దు. ఊరంతా కలిసి కట్టుబాటు చేసుకోవాలి.

దారి లేని చేనుకు కౌలు తగ్గుతుంది. కిరాయి ట్రాక్టరువాడు రెట్టింపు అడుగుతాడు. మిరప బస్తాలు రోడ్డుదాకా తలమోతన తేవాలంటే మోత కూలి వేరే. గుంటూరు యార్డులో ధర ఉన్న రోజున కాయ చేలోనే ఉండిపోతుంది. ఇందులో ఎక్కువ నష్టపోయేది సొంత ట్రాక్టరు లేని కౌలు రైతు. మోకాటిలోతు బురదలో నడిచి కోతకు పోయేది ఆడకూలీలు. గ్రామసభలో డొంక గురించి మాట్లాడేటప్పుడు వాళ్లను ముందు మాట్లాడనివ్వండి. దారి ఎక్కడ దిగబడుతుందో, నీళ్లు ఎక్కడ నిలుస్తాయో అందరికన్నా వాళ్లకే బాగా తెలుసు.

రాబోయే గ్రామసభలో మీ డొంకకు గ్రావెల్ అడగబోతున్నారా? ముందు సర్వే కొలత అడగండి, తర్వాత పక్కకాలువ, అది కలిసే చోటు, తూములు అడగండి. ఈ నాలుగూ అంచనాలో ఉన్నాయని చూసుకున్నాకే గ్రావెల్‌కు చెయ్యెత్తండి.